పన్నెండో గాటు

నాకున్న భయం ఒక్కటే. నా బిడ్డ తండ్రి బతికి లేడేమోనని. పని పోతుందని, నేను పెట్టని లెక్క కింద నా పేరు పడినందుకు ఎవరో వచ్చి పట్టుకుపోతారని, బిడ్డకు దగ్గు తగ్గడం లేదని నాకు ఇంకా చాలా భయాలున్నాయి. అవన్నీ ఆ పెద్ద భయం కొంగు పట్టుకుని తిరిగేవే.

పోయిన వారం నా చేతికి ఒక పుస్తకం వచ్చిన దగ్గర ఆగాం. సిరిసిల్ల మిల్లువాళ్లు అచ్చు వేసిన పుస్తకం అది. దాని అట్ట మీద ఒక ఈతచెట్టు ఫొటో ఉంది. ఆ చెట్టు మాను మీద పన్నెండు గాట్లున్నాయి. నాకు తెలిసి పదకొండే ఉండాలి.

ఈ కథలోకి ఇప్పుడే వచ్చినవారికి నాలుగు మాటల్లో చెబుతాను. మాది కొడిమ్యాల. కల్లు గీసే ఇల్లు. మా మామ లస్మయ్య, ఆయన తర్వాత మా ఆయన దివాకర్, ఇద్దరూ చలికాలమంతా సారంగాపూర్ దగ్గర పురుషోత్తం రావు దొర ఈతవనంలోనే గుడిసె వేసుకుని చెట్లు గీసేవాళ్లు. దొర కొడుకు విశ్వజిత్ రావుకు సిరిసిల్లలో బట్టలకు రంగులద్దే మిల్లు ఉంది. రంగునీళ్లు కాగాలంటే బాయిలర్ మండాలి, బాయిలర్ మండాలంటే బొగ్గు కావాలి. పైదేశాల్లో బట్ట కొనేవాళ్లు 'మీ పొగ తగ్గించుకోండి, లేకపోతే మీ బట్ట మాకొద్దు' అన్నారు. మిల్లు మాట ఇచ్చింది. బొగ్గు మానేసి వడ్ల ఊక కాలుస్తామని, అప్పటికీ మిగిలిన పొగను మింగడానికి చెట్లు పెంచుతామని. ఏడాదికి ఎంత పొగ వదిలారో, ఎన్ని చెట్లు ఎంత మింగాయో ఏటా పుస్తకం వేసి చూపించాలి.

ఆ మాట కోసమే నాలుగేళ్ల కిందట ఈతవనం చుట్టూ ముళ్లకంచె పడింది. 'ఈ చెట్ల మీద కత్తి పెట్టరాదు' అని బోర్డు పడింది. చెట్టు పోయిన గౌడు ఏం చేస్తాడు? మా ఆయన జగిత్యాలలో మూటలు మోశాడు, హోటల్లో గిన్నెలు కడిగాడు. రెండేళ్ల కిందట కోరుట్ల ఏజెంటును పట్టుకుని మస్కట్ పోయాడు. అప్పటికి నా బిడ్డ సృజనకు ఏడాది. పోయిన దసరా నాడు ఫోన్ చేసి, బిడ్డకు కొత్త గౌను వేసి చూపించమన్నాడు. చూపించాను. అదే ఆఖరి ఫోన్. ఇప్పటికి ఐదు నెలలు. ఏజెంటు మొదట 'కంపెనీ మారిండు' అన్నాడు, తర్వాత 'ఫోన్ పోయింది కావచ్చు' అన్నాడు, ఆ తర్వాత కోరుట్లలో వాడి షట్టరే మూసి ఉంది.

ఏం చేయను? నేను ఆ మిల్లులోనే చెట్లు లెక్కపెట్టే పనికి కుదిరాను. ఎల్లంతకుంట, కొడిమ్యాల దిక్కు కొత్తగా నాటిన మొక్కల దగ్గరికి పోయి, వాళ్లిచ్చిన ఫోన్‌తో ఫొటోలు తీసి పంపడం నా పని. సారంగాపూర్ నా కిందికి రాదు. కంచె పడ్డాక నేను అటు అడుగే పెట్టలేదు. అయినా అట్ట మీద ఫొటో కింద చిన్న అక్షరాల్లో 'చెట్టు నంబరు 214, లెక్కించినవారు: రజని' అని ఉంది.

రజని నేనే.

*

పుస్తకం తెచ్చిన మర్నాడు పొద్దున్నే దాన్ని మా మామ ముందు పెట్టాను. ఆయన అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటున్నాడు. ఎనిమిదేళ్ల కిందట చెట్టు మీది నుంచి పడి నడుం విరిగినప్పటి నుంచి ఆయనకు అరుగే లోకం. ఆయన చెట్టెక్కే మోకు, కత్తి లోపల కొయ్యకు వేలాడుతూ ఉంటాయి. దసరాకు కత్తికి బొట్టు పెడతాడు, మోకుకు నూనె రాస్తాడు, మళ్లీ తగిలిస్తాడు.

"మామా, గీ చెట్టెవలిదో చెప్పు" అన్నాను.

ఈతచెట్టు సంగతి తెలియనివారికి ఒక మాట. ఈతమానును ఒక చలికాలం ఒక పక్క గీస్తే, వచ్చే చలికాలం రెండో పక్క గీస్తారు. గీసిన చోటల్లా మాను లోపలికి నొక్కుకుపోతుంది. అందుకే అది నిటారుగా పెరగదు, మెట్లు మెట్లుగా అటు ఇటు వంగుతూ పెరుగుతుంది. ఏడాదికొక గాటు. గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలిసిపోతుంది. మా ఇళ్లలో పిల్లలకు ఒకట్లు, రెండ్లు పలక కంటే ముందు మాను మీదే వస్తాయి.

ఇంకో సంగతి కూడా ఉంది. కత్తి పట్టిన చేతిని బట్టి గాటు వాలు ఉంటుంది. మా మామది కుడిచేయి. మా ఆయనది ఎడమచేయి. కొడిమ్యాలలో ఎడమచేత్తో చెట్టు గీసేవాడు ఆయనొక్కడే. పెళ్లప్పుడు మా వదినెలు 'ఎడమచేత్తో తాళి కడతడా ఏంది' అని నన్ను ఏడిపించారు కూడా.

మామ పుస్తకాన్ని దూరంగా పట్టుకుని, గోటితో కింది నుంచి పైకి లెక్కపెట్టాడు. "గీ ఏడు నాయి" అన్నాడు. గోరు పైకి జరిగింది. "గీ నాలుగు పోరనియి. సూడు, ఎట్ల ఉల్టా వాలినయో. నేను ఎంత తిట్టినా వాని చెయ్యి మారకపాయె."

గోరు పన్నెండో గాటు దగ్గర ఆగింది. అన్ని గాట్లకంటే పైన, మొవ్వు కింద ఉందది. కిందివన్నీ నల్లబడి ఉన్నాయి. అది ఒలిచిన కొబ్బరిలా తెల్లగా ఉంది. దాని వాలు కూడా ఉల్టానే.

"మరి గిదెవలు గీసిన్రు మామా?"

"ఎవడో దొంగకల్లుకు ఎక్కి ఉంటడు."

"ఎడమచేత్తోనా?"

మా మామ చుట్ట పీల్చాడు. పుస్తకం మూసి నా ఒళ్లో పెట్టాడు. "బువ్వ ఏమన్న ఉన్నదా బిడ్డా?" అన్నాడు.

అప్పటికి ఆయన తిని అరగంట కూడా కాలేదు.

లోపల రోట్లో పచ్చడి నూరుతున్న మా అత్త లక్ష్మవ్వ అక్కడి నుంచే అరిచింది. "దొర పుస్తకంల దొర చెట్టు. నడుమ నీకేం బాధనే? ఉన్న పని జేసుకోరాదు, లొల్లి వెట్టుకుంటవా?"

నాకు లోపల ఒకటే తిరుగుతోంది. కొడుకు చేతి గాటు చూసి తండ్రి ఉలిక్కిపడాలి కదా? 'అరే, వాడు మస్కట్‌ల ఉన్నడు కదా' అనాలి కదా? మా మామ ఆశ్చర్యపోలేదు. ఇంటి మనిషి మీదే అనుమానం నాకు అక్కడ పుట్టింది.

ఆ రోజంతా బిడ్డకు అన్నం పెడుతూ, బీడీలు చుడుతూ ఆలోచించాను. పుస్తకంలో ఫొటో తేదీ జనవరి ఇరవై ఎనిమిది అని ఉంది. ఆ తేదీ నిజమైతే, మా ఆయన బతికే ఉన్నాడు. ఈ చలికాలం సారంగాపూర్‌లో చెట్టెక్కాడు. ఆ తేదీ అబద్ధమైతే, ఎప్పటిదో పాత ఫొటో తెచ్చి అతికించి ఉంటే, అప్పుడు నాకు మిగిలేది ఆ ఐదు నెలల చప్పుడు లేని ఫోనే. కానీ పాత ఫొటో అయితే పన్నెండోది ఎక్కడిది? నాలుగేళ్ల కిందట ఆయన చేతి గాట్లు నాలుగే. నేనే తప్పు లెక్కపెట్టుకున్నానా? కొత్త పెళ్లికూతురిగా నన్ను వనానికి తీసుకుపోయి చూపించినప్పుడు మూడో నాలుగో సరిగ్గా చూశానా?

మా పొట్ట కొట్టిన మిల్లు పుస్తకం నిజం కావాలని ఆ రోజు నేను దేవుడికి మొక్కాను.

ఇంకో ఆలోచన వచ్చింది. అది రాకుంటే బాగుండు. ఆయన బతికి ఉండి, నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉంటే, బిడ్డను చూడడానికి ఎందుకు రాలేదు?

*

మర్నాడు మొదటి బస్సుకే సిరిసిల్ల పోయాను. రమ్మని మిల్లు నుంచి కబురొచ్చింది. సృజనను వదిలిపెడదామంటే దగ్గు. వెంటే తీసుకుపోయాను. దారి పొడుగునా అది నిద్రపోతుంటే ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మిల్లు గేటు ముందు ఒక లారీ లోపలికి పోతోంది. పైదాకా ఊక బస్తాలు. ఊక లారీలు మా దిక్కు చూస్తూనే ఉంటాం. పైకి కొండంత కనబడినా తేలిగ్గా ఊగుతూ పోతాయి. ఈ లారీ మూలుగుతూ పోయింది. టైర్లు చపాతీల్లా నేలకు అంటుకున్నాయి. అది పోయిన దారి వెంట సన్నగా నల్లపొడి రాలింది. సృజన కాలితో దాన్ని రాచి, కళ్లకు పెట్టే కాటుక అనుకుని "కాటికె" అంది.

నేను దాని కాలు తుడిచి ఏమీ చూడనట్టు లోపలికి పోయాను. అప్పుడు నా మనసు లారీ మీద లేదు.

విశ్వజిత్ రావు సార్ మెత్తగా మాట్లాడతాడు. ఆయన తండ్రిని మా మామ ముఖమెత్తి చూసేవాడు కాదట. ఈయన మాత్రం కుర్చీ చూపిస్తాడు. సృజనకు బిస్కెట్ పుడా ఇచ్చాడు. అది పుడాను నా సంచిలో పెట్టమని నాకిచ్చి, మేజా మీదున్న రంగు దారపు కండెలతో ఆడుకోవడం మొదలుపెట్టింది.

"చూడు రజనీ, ఇయ్యాల హైదరాబాద్ నుంచి జ్యోత్స్న మేడం వస్తున్నరు. మన పుస్తకంల ఉన్నది ఉన్నట్టా లేనట్టా అని చూసి సర్టిఫికెట్ ఇచ్చేది ఆమెనే. ఆమె సంతకం పెట్టకుంటే మన బట్ట ఓడ ఎక్కదు. మూడు వందల మంది ఇంటికి పోతరు, అండ్ల నువ్వు గూడ ఉన్నవు. మేడం అడిగితే 'ఔను, నేనే లెక్కపెట్టిన' అను. గంతే."

"నేను సారంగాపూర్ పోనే లేదు గద సార్."

"నువ్వు పోకున్నా నీ ఫోన్ అక్కడికి పోయింది. నీ ఫోన్‌ల నుంచే ఫొటోలు వచ్చినయ్."

"ఆ ఫోను రిపేరని డిసెంబర్‌ల మీరే వాపస్ తీసుకున్నరు సార్."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది.

"సార్, ఒక్క ముచ్చట అడుగుత. ఆ ఫొటో తీసింది నిజంగనే జనవరిలనా?"

"ఎందుకు?"

"తెల్సుకుందామని."

"ఎవలు అడగమన్నరు?" గొంతు మెత్తగానే ఉంది, కళ్లు మాత్రం నా సంచి మీదికి, సెల్లు మీదికి పోయాయి. "పేపరోళ్లా? మీ గౌడ సంఘపోళ్లా?"

"ఎవ్వలు లేరు సార్. నా అంతల నేనే."

"మీ మామనా?"

నేను బిత్తరపోయాను. ఈయనకు మా మామ ఎందుకు గుర్తొచ్చాడు?

"పోయిన నెల మీ మామ మా నాన్న దగ్గరికి వచ్చిండు. చెప్పలేదా నీకు?" అన్నాడు విశ్వజిత్ రావు, నా ముఖాన్ని పుస్తకంలా చదువుతూ. "కంచె గేటు తాళంచెవి అడిగిండట. ఒక్క పూటకు ఇయ్యి దొరా, నా చెట్లను చూసుకొని వస్త అన్నడట. మా నాన్నకు పాత మనుషులంటే జాలి. ఇచ్చిండు."

నడుం విరిగిన మనిషి. అరుగు దిగడానికి నా భుజం పట్టుకునే మనిషి. ఆయన నలభై కిలోమీటర్లు పోయి తాళంచెవి అడిగాడా? పోయిన నెల అంటే ఎప్పుడు? గుర్తుకొచ్చింది. ఒకరోజు 'జగిత్యాల పెద్ద దవాఖానలో నడుం చూపించుకొస్త' అని పోయాడు. వచ్చేటప్పుడు సృజనకు ఈతపుల్లల బొమ్మ తెచ్చాడు. దవాఖానలో ఈతపుల్లలు ఎక్కడివి?

నేను ఇంకేదో అడిగేలోగా తలుపు తెరుచుకుంది.

*

జ్యోత్స్న మేడానికి నలభై ఏళ్లుంటాయి. నూలు చీర, కళ్లద్దాలు, చేతిలో నీళ్ల సీసా. కూర్చోగానే ఆమె మొదట చూసింది సృజనను. "దగ్గుతోంది, ఈ రంగుల వాసన పడుతుందా దీనికి?" అంది. ఆ మాటకే నాకు ఆమె మీద నమ్మకం కలిగింది. అంత తొందరగా నమ్మకం కలగడం మంచిది కాదని నాకు తెలిసి ఉండాల్సింది.

ఆమె సంచిలోంచి ఒక పెద్ద కాగితం తీసి మేజా మీద పరిచింది. అట్ట మీది ఫొటోయే, నాలుగింతలు పెద్దగా.

"ఈ చెట్టు వంపులు అందంగా ఉన్నాయని అట్ట మీద వేశారట" అంది. "నా పని చాలా చిన్నది రజని గారూ. ఈ మిల్లు ఏడాదికి ఇంత పొగ వదిలింది, ఈ చెట్లు ఇంత మింగాయి అని వీళ్లు రాశారు. నేను రెండూ చూసి సరే అనాలి. చిన్న చెట్టు ఏటేటా పెరుగుతూ కొత్తగా పొగ మింగుతుంది కాబట్టి, వీళ్లు కొత్తగా నాటిన చెట్లకే లెక్క. మీరు రోజూ చెట్ల మధ్య తిరిగే మనిషి. చెప్పండి, ఈ చెట్టు బాగుందా?"

నేను కాగితం మీదికి వంగాను.

చిన్న ఫొటోలో కనబడనివి పెద్దదాంట్లో కనబడ్డాయి. పన్నెండో గాటు కింద ఈతాకు మడిచి చేసిన చిన్న దోనె ఉంది, కల్లు లొట్టి కుండలోకి జారడానికి. ఆ దోనెకు రెండు మడతలు. అందరూ ఒకటే మడత వేస్తారు. రెండోది ఎందుకని పెళ్లయిన కొత్తలో నేను అడిగితే, 'ఒక్క చుక్క గూడ పక్కకు పోవద్దు, నాకిప్పుడు పెండ్లమున్నది' అన్నాడు దివాకర్.

నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. ఎదురుగా విశ్వజిత్ రావు ఉన్నాడని మరిచిపోయాను.

"మంచిగ కల్లు పారే చెట్టు మేడం" అన్నాను. "పన్నెండు గాట్లు వడ్డయి, ఐనా ఎంత బలంగున్నదో సూడున్రి. పైది ఈ యేటిదే. ఇంక నల్లవడలేదు. నిన్న మొన్న గీసినట్టే ఉన్నది!"

నా గొంతులో సంతోషం నాకే వినబడింది.

మేడం కలం ఆగింది. "గాట్లంటే?"

చెప్పాను. మామ లెక్కపెట్టినట్టే గోటితో చూపిస్తూ చెప్పాను. ఏడాదికొకటి, ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు.

"అంటే దీన్ని పన్నెండేళ్లు గీశారు. మరి గీయడానికి చెట్టు ఎంత పెద్దదవ్వాలి?"

"ఐదారేండ్లన్న గావాలె మేడం. లేకుంటే చెట్టు చస్తది."

మేడం తల వంచి పుస్తకం తిరగేసింది. వేలు ఒక వరుస మీద ఆగింది. "ఇక్కడ, నాలుగేళ్ల కిందట మిల్లు నాటిన ఆరు వందల ఈతచెట్లు అని రాశారు."

గోడ అవతలి నుంచి బాయిలర్ ఉస్సుమంటున్న చప్పుడు వచ్చింది. నేనేం చేశానో అప్పుడు తెలిసింది. చెట్టు వయసు చెప్పడం మా ఇంట్లో రేపు ఏ వారమో చెప్పినంత మామూలు మాట. దాన్ని దాచుకోవాలని నాకు తోచనే లేదు.

విశ్వజిత్ రావు నవ్వాడు. "మేడం, ఆమె ఇంటర్ గూడ పూర్తి చెయ్యలేదు. ఆమె మాట పట్టుకొని..."

"ఇంటర్‌లో ఈతచెట్టు పాఠం లేదు లెండి, నేనూ చదివాను" అంది మేడం. ఆమె నవ్వలేదు. "ఇంకొకటి చెప్పండి. కంచె లోపల కత్తి పెట్టకూడదని బోర్డు ఉందిగా. మరి ఈ ఏడాది గీసింది ఎవరు?"

బతికి ఉన్నాడని తెలిసిన ఐదు నిమిషాలకే ఆయన పేరు ఎట్లా చెప్పను? కంచె దూకి గీసినందుకు పట్టుకుంటే? మస్కట్ నుంచి కాగితాలు లేకుండా వచ్చి ఉంటే?

"ఔను రజనీ" అన్నాడు విశ్వజిత్ రావు, ఇంకా మెత్తగా. "ఎవలు గీసి ఉంటరు? ఎడమచేతి వాటమోళ్లు మీ దిక్కు ఎందరుంటరు?"

నేను ఎడమచేయి మాటే ఎత్తలేదు. మేడంకు గాట్ల లెక్క చెప్పాను గాని వాలు సంగతి చెప్పలేదు. మరి ఈయనకు ఎట్లా తెలుసు?

మేడం మా ఇద్దరినీ చూసింది. "నేను రేపు పొద్దున సారంగాపూర్ పోతాను. నంబరు 214 దగ్గరే మొదలుపెడతాను."

"214 కు పురుగు పట్టింది మేడం. కొట్టేయాలని రాసి పెట్టినం."

"రేపటిదాకా ఆగుతుంది కదా పురుగు."

"ఎందుకాగదు" అన్నాడు ఆయన.

మేనేజరు వచ్చి మేడాన్ని బాయిలర్ చూపించడానికి తీసుకుపోయాడు. లోపలికి సెల్లులు తేవొద్దని, ఆమె ఫోన్ ఆఫీసులోనే పెట్టించారు. పోతూ పోతూ ఆమె తన నంబరు రాసిన చీటీ నాకిచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు వెళ్లిపోకండి, మనం మాట్లాడుకోవాలి" అంది.

విశ్వజిత్ రావు వరండాలోకి పోయి ఫోన్ చెవిన పెట్టాడు. నేను బిడ్డ చెప్పు వెతుకుతున్నట్టు కిటికీ కింద వంగాను.

"రంపం తీస్కొని పోండ్రి. ఇయ్యాల్నే. ముందుగాల రెండు వందల పద్నాలుగు. మిగిలినయి తర్వాత సూద్దాం."

ఆగాడు. అవతల కంచె దగ్గరున్నవాళ్లు ఎవరో ఏదో చెబుతున్నారు. ఆయన వీపు బిగుసుకుంది.

"చెట్టు మీదనా? ఎవడు?"

మళ్లీ ఆగాడు.

"దిగకుంటే దిగకపోనీ. నేను వస్తున్న."

జీపు తాళాలు తీసుకుని మెట్లు దిగిపోయాడు. నా వైపు చూడలేదు.

*

నా సెల్లు మోగింది. సృజన కండెలు కింద పడేసి ఉరికొచ్చింది. ఎప్పుడు మోగినా అది అడిగేది ఒకటే. "బాపు ఫోనా?"

కాదు. మా అత్త.

"రజనీ, మీ మామ లేడే" అంది లక్ష్మవ్వ. ఆమె గొంతు నేనెప్పుడూ విననంత చిన్నగా ఉంది. "నువ్వు బస్సెక్కంగనే లేసిండు. కొయ్యకున్న మోకు తీస్కున్నడు, కత్తి తీస్కున్నడు. యాడికయ్యా అంటే నా కొడుకు చెట్టు కాడికి అన్నడు. నడుమిరిగిన ముసలోడు, చెట్టెక్కుతడా ఏందే? ఫోన్ జేస్తే మోగుతున్నది గాని ఎత్తుతలేడు."

"ఎప్పుడు పోయిండు అత్తా?"

"నాలుగు గంటలాయె. ఇంకో ముచ్చట చెప్త, నన్ను తిట్టకు. సద్ది కట్టుమన్నడు. ఒక్కటి గాదు, రెండు మూటలు కట్టుమన్నడు. ఒక్కనివి పోతున్నవు, రెండు సద్దులెందుకయ్యా అంటే పలకలే."

ఇంకేమీ వినకుండా బిడ్డను చంకనేసుకుని గేటుకు ఉరికాను. వాచ్‌మన్ గొలుసు తీయలేదు. లోపలికి వచ్చినవాళ్లు బయటికి పోవాలంటే చిట్టీ మీద సార్ సంతకం కావాలట. సార్ ఇప్పుడే జీపులో బయటికి పోయాడట. "కూసో చెల్లె, వస్తడు" అని బల్ల చూపించాడు. మేడం బాయిలర్ దగ్గర ఉంది, అటు నన్ను పోనీయలేదు. నేను చేస్తుంటే ఆమె ఫోన్ ఆఫీసులో మోగి మోగి ఆగిపోతోంది. గొలుసు తీసినా నేను రెండు బస్సులు మారాలి. జీపుకు ఆ బాధ లేదు.

బల్ల మీద కూర్చున్నాను. సృజన నా సంచిలోంచి బిస్కెట్ పుడా తీసి, సగం నాకిచ్చి, సగం పక్కన పెట్టింది. "గివి బాపుకు" అంది.

సారంగాపూర్‌లో నాకు తెలిసినవారు ఒక్కరూ లేరు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీలో ఎవరైనా జగిత్యాల నుంచి అటు పోతుంటే, సారంగాపూర్ ఊరు దాటాక ఎడమ పక్క ముళ్లకంచె కనబడుతుంది. కాసేపు ఆగండి. మాను మీద తెల్ల సున్నంతో 214 అని రాసిన చెట్టు చూడండి. తలెత్తి చూడండి. మోకు కట్టుకుని ఒక ముసలాయన పైన ఉంటాడు. పేరు లస్మయ్య. దిగమని మాత్రం అనకండి, దిగగానే రంపం పడుతుంది. కింద ఉన్నవాళ్లకు 'చెట్టు మీద మనిషి ఉన్నాడు, మేం చూస్తున్నాం' అని గట్టిగా చెప్పండి. చెప్పి అక్కడే నిలబడండి.

ఆ చెట్టు మొదట్లో సద్దిమూటలు కూడా చూడండి. రెండూ విప్పి ఉన్నాయో, ఒక్కటే విప్పి ఉందో నాకు చెప్పండి.